ఒకటో తరగతికి మారమన్నారు, ఏం చెయ్యను?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది హిందూపురం. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చాను. కె.ఆర్. పురం దగ్గర ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో తొమ్మిదేళ్ళుగా ఐదో తరగతికి లెక్కలు, ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) చెబుతున్నాను. డి.ఎడ్. చేశాను, తర్వాత ప్రైవేటుగా డిగ్రీ కట్టాను. పోయిన వారం ప్రిన్సిపాల్ పిలిచి, జూన్ నుంచి ఒకటో తరగతికి క్లాస్ టీచరుగా వెళ్ళమన్నారు. "మీకు ఓపిక ఎక్కువ కదా" అన్నారు తప్ప వేరే కారణం చెప్పలేదు. ఇంటికొచ్చి చెబితే మా అత్తయ్యగారు "అదేంటమ్మా, ఐదు నుంచి ఒకటికి దించేశారా" అన్నారు. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. నాకు పాటలు రావు. ఫోనిక్స్ అంటే ఏమిటో సరిగ్గా తెలీదు. పిల్లలు ఏడిస్తే, క్లాసులోనే బట్టలు తడుపుకుంటే ఏం చెయ్యాలో తెలీదు. ఒప్పుకోవాలా, వద్దనాలా? ఒప్పుకుంటే ఈలోగా ఏం నేర్చుకోవాలి? ఏప్రిల్ 10న స్కూలు మూసేస్తారు, జూన్ మొదటి వారంలో తెరుస్తారు. టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.
– ఒక టీచరు, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు ఆ "దించేశారా" సంగతి చూద్దాం. అది గుండెలో ముల్లులా ఉంటే మిగతాదేదీ తలకెక్కదు.

ఏటా జూన్‌లో మీ ఐదో తరగతికి వచ్చే పిల్లల్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మూడు వందల నాలుగు రాయమంటే 3004 అని రాసేవాళ్ళు నలుగురైదుగురు ఉంటారు. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం వచ్చు గానీ ఎక్కడి నుంచి తెస్తున్నారో తెలీనివాళ్ళు ఇంకొందరు. లెక్క చెయ్యగలిగినా ఆ లెక్కను చదవలేక ఖాళీగా వదిలేసేవాళ్ళు కొందరు. తొమ్మిదేళ్ళుగా ఆ తప్పుల్ని ఎర్రసిరాతో సున్నా చుట్టి సరిచేస్తూ వచ్చారు. అవి ఐదో తరగతిలో పుట్టినవి కావని మీకు తెలుసు. పది అంటే పది ఒకట్ల కట్ట అని చేత్తో పట్టుకుని చూడకుండానే 10 అని రాయడం నేర్చుకున్న రోజున పుట్టాయి. అది జరిగేది ఒకటో తరగతిలో. ఇప్పుడు మిమ్మల్ని పంపుతున్నది ఆ చోటికే. ఎల్‌కేజీ, యూకేజీల్లో పదేళ్ళు చెప్పి పైకొచ్చిన టీచరుకి పాటలు వస్తాయి, ఆటలు వస్తాయి. కానీ ఈ పిల్ల నాలుగేళ్ళ తర్వాత ఎక్కడ తట్టుకుని పడుతుందో ఆమెకి అంతగా తెలీదు, మీకు తెలుసు. అందుకే ఒప్పుకోమంటాను.

అలాగని కళ్ళు మూసుకుని ఒప్పుకోవద్దు. ప్రిన్సిపాల్‌ని మళ్ళీ కలిసి, పిల్లలెంతమంది, ఆయా పూర్తిగా ఉంటారా లేక రెండు సెక్షన్లకి ఒక్కరేనా, జీతం ఇంతేనా, కనీసం రెండేళ్ళు ఇదే తరగతిలో ఉంచుతారా అని అడగండి. మొదటి ఏడాది మీరు నేర్చుకోవడానికే సరిపోతుంది, దాని ఫలం రెండో ఏడు పిల్లలకి అందుతుంది. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకి 30 మందికి ఒక టీచరు అంటుంది. నలభై అయిదు మందిని అప్పజెబితే ఆ మాట గుర్తు చెయ్యడంలో తప్పు లేదు. మాట్లాడుకున్నవన్నీ ఆ సాయంత్రమే ఒక మెయిల్ రాసి పంపండి. జీతం తగ్గిస్తామంటే మాత్రం అది నిజంగా దించడమే. అప్పుడు వద్దనండి, నేనూ మీతో వద్దనే అంటాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. బెంగళూరు వచ్చిన కొత్తలో నేను ఒక స్కూల్లో ఏడో తరగతికి సోషల్ చెప్పేదాన్ని. ఒకటో తరగతి టీచరు కాన్పు సెలవుకి వెళ్తే ఆ క్లాసు నాకిచ్చారు. మొదటి రోజు ఏడో తరగతిలో చేసినట్టే చేశాను. బోర్డు మీద తేదీ రాసి, పుస్తకాలు తియ్యండి, కొత్త పేజీ తిప్పండి, మార్జిన్ గీయండి, రాయండి అని ఇంగ్లీషులో గడగడా చెప్పాను. మూడో బెంచీలో ఒక పిల్లాడు సంచీ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నేను వాడి డైరీలో, క్లాసులో చెప్పిన మాట వినడం లేదని రాసి పంపాను. నాలుగు రోజుల తర్వాత వాళ్ళ నాన్న డైరీ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. కట్టడం పనికి వచ్చిన మనిషి, చేతులకి ఇంకా సిమెంటు ఉంది. "ఏం రాసినారు మేడం, మాకు సదువు రాదు" అని తెలుగులో అడిగాడు.

నేను తెలుగుదాన్ని. వాడూ తెలుగు పిల్లాడే. క్లాసులో ఇంగ్లీషే మాట్లాడాలని స్కూలు నియమం కాబట్టి అన్ని రోజులూ ఒకరికొకరం తెలీకుండా ఒకే గదిలో కూర్చున్నాం. మర్నాడు వాడి బెంచీ పక్కన కూర్చుని "ఏం నాయనా, ఏం కావాలి?" అని మెల్లగా అడిగాను. "బాత్రూముకి పోవాల" అన్నాడు. స్కూల్లో వాడు నాతో అన్న మొదటి మాట అది. ఆ డైరీ పేజీ తల్చుకుంటే ఇవాళ్టికీ నాకు బాధగానే ఉంటుంది.

అందుకని మీకు నేను చెప్పే మొదటి తయారీ పాఠ్యపుస్తకంతో కాదు, హాజరు పట్టీతో. జూన్‌కి ముందే ఆఫీసులో పిల్లల పేర్లు తీసుకుని, పక్కన ఇంట్లో మాట్లాడే భాష, పుట్టిన తేదీ రాసుకోండి. కె.ఆర్. పురం వైపు ఒక క్లాసులో కన్నడ, తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీ, మలయాళం అన్నీ ఉంటాయి. ప్రతి భాషలోనూ నీళ్ళు, కడుపు నొప్పి, బాత్రూం, అమ్మ ఎప్పుడొస్తుంది, ఈ నాలుగూ నేర్చుకోండి. తమిళ పిల్ల తణ్ణి అంటుంది, మలయాళీ పిల్లాడు వెళ్ళం అంటాడు, కన్నడ పిల్ల హొట్టె నోవు అని పొట్ట పట్టుకుంటుంది. క్లాసు ఇంగ్లీషులోనే నడవనివ్వండి, నష్టం లేదు. కానీ భయపడ్డ పిల్లకి ఇంటి మాట ఒక్కటి చెవిన పడితే భుజాలు ఎలా కిందకి దిగుతాయో మీరే చూస్తారు. ఎవరైనా నియమం గుర్తు చేస్తే, చిన్నతనంలో వీలైనంతవరకు ఇంటి భాషలో నేర్పమని 2020 జాతీయ విద్యా విధానమే చెబుతోందని చెప్పండి.

పుట్టిన తేదీ ఎందుకంటే, ఒకే క్లాసులో పిల్లల మధ్య దాదాపు ఏడాది తేడా ఉంటుంది. పదేళ్ళ పిల్లల్లో ఏడాది తేడా కనపడదు. ఆరేళ్ళ పిల్లల్లో ఏడాదంటే వాళ్ళ జీవితంలో ఆరో వంతు. కర్ణాటకలో ఒకటో తరగతికి జూన్ 1 నాటికి ఆరేళ్ళు నిండాలన్నది నియమం. 2025-26లో మాత్రం తల్లిదండ్రుల కోరిక మీద ఐదేళ్ళ ఐదు నెలల వాళ్ళనీ చేర్చుకున్నారు. మీరు "వెనకబడ్డారు" అనుకునే పిల్లల పేర్లు పట్టీలో చూసుకోండి. వాళ్ళలో చాలామంది వెనకబడి ఉండరు, వెనక పుట్టి ఉంటారు.

రాత కూడా అంతే. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. ఆరేళ్ళకి అవన్నీ ఇంకా ఎముకలుగా గట్టిపడి ఉండవు. అలాంటి చేత్తో పేజీ నిండా రాయిస్తే నొప్పి పుడుతుంది, పెన్సిల్ పిడికిలితో పట్టుకోవడం అలవాటవుతుంది. మొదటి నెల బంకమట్టి, చింపిన కాగితాలు అంటించడం, దారంలో పూసలు ఎక్కించడం చేయించండి. బీ, డీ అక్షరాలు తిరగేసి రాస్తే కంగారు పడొద్దు. ఏడేళ్ళ దాకా చాలామంది అలా రాస్తారు, ఆ ఒక్కటి చూసి ఏ పేరూ పెట్టకండి.

ఇక ఫోనిక్స్. అదేం బ్రహ్మవిద్య కాదమ్మా. మన తెలుగులో అక్షరం పేరూ, పలుకూ దాదాపు ఒకటే. క అని రాసి క అంటాం. ఇంగ్లీషులో అక్షరం పేరు వేరు, శబ్దం వేరు. పేరు 'బీ', శబ్దం 'బ్'. 26 అక్షరాలతో 44 దాకా శబ్దాలు పలకాలి. ముందు శబ్దాలు నేర్పి, వాటిని కలిపి మాట చదివించడమే ఫోనిక్స్. ఇందులో మన తెలుగువాళ్ళం చేసే తప్పు ఒకటుంది, అది మీరు ఇప్పుడే సరిచేసుకోవాలి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మన నాలుక ప్రతి హల్లుకీ చివర ఒక ఉకారం తగిలిస్తుంది. బ్యాగు, బస్సు, పెన్ను. అదే అలవాటులో క్లాసులో 'బు', 'అ', 'టు' అని నేర్పితే, పిల్ల ఆ మూడూ కలిపి 'బుఅటు' అంటుంది గానీ 'బ్యాట్' అనే మాట దగ్గరికి రాదు. పొల్లు పెట్టి పలకండి. బ్, ట్, క్. పొల్లుతో హల్లు రాసుకున్న భాష మనది కాబట్టి ఇది మనకి తొందరగా పట్టుబడుతుంది. ఫోన్‌లో మీ గొంతు రికార్డు చేసుకుని వినండి. చివర్లో ఉకారం వినిపిస్తే మళ్ళీ అనండి. వారం రోజులు చాలు.

ఎస్, ఎ, టీ, పీ, ఐ, ఎన్, ఈ ఆరింటితో మొదలుపెట్టే స్కూళ్ళు చాలా ఉన్నాయి. వీటితోనే పిన్, టిన్, ట్యాప్, న్యాప్, సిట్ లాంటి చిన్న మాటలు బోలెడు వస్తాయి కాబట్టి మూడో వారానికే పిల్ల ఏదో ఒకటి చదివేస్తుంది. వాటిలోనూ స్, న్ లాంటివి సాగదీసి పలకొచ్చు, వాటితో శబ్దాలు కలపడం తేలిక.

లెక్కల్లో మీరు దిట్ట. అయినా ఒక్కటి చెబుతాను, ఇది పైతరగతుల్లో ఉన్నప్పుడు మనకి తట్టదు. పిల్ల పద్నాలుగుకి 41 అని రాస్తుంది. పరధ్యానం అనుకుంటాం. ఇంగ్లీషులో ఆ మాట వినండి: 'ఫోర్‌టీన్'. నాలుగు ముందు వినిపిస్తుంది, పది తర్వాత. విన్నది విన్నట్టు రాసింది పిల్ల. హిందీలో 'చౌదహ్' కూడా నాలుగుతోనే మొదలవుతుంది. తెలుగులో పద్నాలుగు, కన్నడలో హదినాల్కు, రెండింట్లోనూ పది ముందుంటుంది, అంకెలు రాసే వరసలోనే మాట నడుస్తుంది. అందుకని 11 నుంచి 19 వరకు చెప్పే వారం, తెలుగు పిల్లలతో తెలుగులో, కన్నడ పిల్లలతో కన్నడలో ఒకసారి అనిపించండి. పది పుల్లలు రబ్బరు బ్యాండుతో కట్ట కట్టి ఎడమ చేతిలో, నాలుగు విడి పుల్లలు కుడి చేతిలో పెట్టి, పది... నాలుగు అనిపించి, అప్పుడు 14 రాయించండి. ఆ 3004 తప్పుకి మందు ఇదేనమ్మా. ఏడాది పొడుగునా ఆ కట్టలు మీ టేబుల్ మీద ఉండాలి.

సిలబస్ ఎంత పూర్తి చెయ్యాలో అనే బెంగ మీకు వద్దు. 2021లో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర పథకంలో ఒకటో తరగతి చివరికి పెట్టుకున్న లక్ష్యం ఏమిటంటే, నాలుగైదు తేలిక మాటలున్న చిన్న వాక్యాన్ని తెలీని పుస్తకంలోంచి చదవాలి, 99 దాకా అంకెలు చదివి రాయాలి, చిన్న చిన్న కూడికలు, తీసివేతలు చెయ్యాలి. అంతే. మీ స్కూలు పుస్తకాలు ఇంతకంటే లావుగా ఉంటే ఉండనివ్వండి. ఈ మూడూ ప్రతి పిల్లకీ వచ్చాయా అన్నదే మీ లెక్క. ఆ ఏడాదే కేంద్రం 'విద్యాప్రవేశ్' అని ఒకటో తరగతి మొదటి మూడు నెలలకి ఆటలతో నడిచే ప్రణాళిక తెచ్చింది. పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళది, ఉచితంగా దొరుకుతుంది. సెలవుల్లో చదవాల్సింది ఏదైనా ఉంటే అదే.

ఏప్రిల్ 10 లోపు మాత్రం ఒక పని తప్పకుండా చెయ్యండి. మీ ఖాళీ పీరియడ్లలో వెళ్ళి యూకేజీ గదిలో వెనక కూర్చోండి. జూన్‌లో మీకు వచ్చేది ఆ పిల్లలే. పాఠం సంగతి వదిలేసి, ఒక పని ముగిసి ఇంకో పని మొదలయ్యే మధ్యలో టీచరు ఏం చేస్తారో చూడండి. ఐదో తరగతిలో "లెక్కల పుస్తకం తియ్యండి" అంటే ఒక నిమిషం. ఒకటో తరగతిలో పది నిమిషాలు. ఒకరికి జిప్పు రాదు, ఇంకొకరి పుస్తకం ఇంట్లో ఉంటుంది, ఇంకొకరు పెన్సిల్ చెక్కుకుంటూ డస్ట్‌బిన్ దగ్గరే ఉండిపోతారు. అందుకే ఒకసారికి ఒకే మాట చెప్పాలి. పుస్తకం తియ్యండి. అందరూ తీశాక, తెరవండి. ఒకే పని పది పన్నెండు నిమిషాలకి మించితే గది చేతిలోంచి జారిపోతుంది.

వీలైతే మీ దగ్గర్లోని ప్రభుత్వ కన్నడ బడికి వెళ్ళి, హెచ్.ఎం. గారి అనుమతితో సగం రోజు 'నలి కలి' తరగతిలో కూర్చోండి. ఆడుతూ నేర్చుకో అని దానర్థం. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో మొదలైంది. అక్కడి టీచర్లు మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్ళు పల్లెల్లో నడిపే చిన్న బడులు చూసొచ్చి, ఆ పద్ధతిని కన్నడానికి తెచ్చుకున్నారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెనలా పేర్చి, ప్రతి పిల్లా తన మెట్టు తనే చూసుకుని ఎక్కేలా చేశారు. మన రాయలసీమ పల్లె బడిలో తయారైన ఆలోచన కర్ణాటక అంతటా నడిచిందంటే నాకు ఎప్పుడూ ఒళ్ళు పులకరిస్తుంది. మీరు హిందూపురం మనిషి, మీకూ సంతోషమే కదా. ప్రైవేటు స్కూలు టీచర్లు ప్రభుత్వ బడికి వెళ్ళి చూడడం తక్కువ. వెళ్ళండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఏడుపు, బట్టలు తడుపుకోవడం: మొదటి రెండు వారాలు రెండూ ఉంటాయి. క్లాసు అలమరలో రెండు జతల పాత నిక్కర్లు, గౌన్లు, ఒక ప్లాస్టిక్ కవరు పెట్టుకోండి. జరిగినప్పుడు పైకి ఒక్క మాట అనొద్దు. ఆయాకి కళ్ళతో సైగ చేసి, మిగతా పిల్లల్ని కిటికీ వైపు తిప్పండి. పిల్ల అడిగేదాకా ఆగకుండా మీరే గంటకోసారి వరసగా పంపితే సగం తగ్గుతుంది. ఏడ్చే పిల్లని ఊరుకోమని బతిమాలే కన్నా చేతికి పని ఇవ్వడం మేలు. చాక్‌పీసులు డబ్బాలో సర్దమంటే ఏడుస్తూనే సర్దుతుంది, సర్దుతూ మర్చిపోతుంది. ఇంకో సంగతి, మొదటి వారమే టిఫిన్ డబ్బా మూత, నీళ్ళ సీసా మూత తియ్యడం నేర్పండి. లేకపోతే రోజూ ముప్పై మూతలు మీరే తియ్యాలి.

పాటలు రావంటున్నారు. పిల్లలు మీ గొంతు చూడరమ్మా. చప్పట్ల లయలో మాట చెప్పినా వాళ్ళకది పాటే. మీకు కథలు చెప్పడం వస్తే రోజుకో కథ చాలు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు, కన్నడ, ఇంగ్లీషు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. ఒకే కథ రెండు మూడు భాషల్లో కూడా ఉంటుంది. గొంతు మాత్రం జాగ్రత్త. అరవడం మొదలుపెడితే ఆగస్టుకి గొంతు పోతుంది. చెయ్యి పైకెత్తితే అందరూ ఎత్తి నిశ్శబ్దం కావాలని మొదటి రోజు నుంచే అలవాటు చెయ్యండి. తల్లిదండ్రులు హోంవర్కు ఇమ్మని అడుగుతారు. 2020 స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి దాకా హోంవర్కు వద్దంటుంది. ఆ మాట తల్లిదండ్రులతో జరిగే మొదటి సమావేశంలోనే (పీటీఎం) చెప్పి, దాని బదులు రాత్రి పడుకునే ముందు ఇంటి భాషలో ఒక కథ చెప్పమనండి.

చివరగా మీ అత్తయ్యగారు. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి, ఆవిడతో మీకు పనుంది. అచ్చంగాయలు ఆడిన చెయ్యి ఆవిడది. ఒక రాయి ఎగరేసి, అది కింద పడేలోపు నేల మీది రాళ్ళు ఏరి పట్టుకునే ఆ వేళ్ళ నేర్పే మీ పిల్లల చేతులకి కావాలి. ముగ్గు చుక్కలు పెట్టడం, చుక్కల మధ్య గీత తిప్పడం, అక్షరం రాయడానికి ముందు కావాల్సింది అదే. వామనగుంటలు ఏడేసి గుంటల రెండు వరసలు. చింతగింజలు ఒక్కో గుంటలో ఒక్కోటి వేసుకుంటూ పోవడమే లెక్కల మొదటి పాఠం. కన్నడ ఇళ్ళల్లో దాన్నే అళిగుళి మణె అంటారు, మీ క్లాసులో ఏ అవ్వకో తప్పకుండా తెలిసి ఉంటుంది. ఈ ఆదివారం అత్తయ్యగారి దగ్గర కూర్చుని, చిన్నప్పుడు ఏమేం ఆడేవారో అడిగి రాసుకోండి. హిందూపురం ఇంట్లో పాత వామనగుంటల పీట ఉంటే వచ్చే నెల తెప్పించండి. చింతగింజలు మూడు వందలు కడిగి, ఎండబెట్టి, పదేసి చొప్పున ముప్పై పొట్లాలు కట్టమని ఆవిడకే చెప్పండి, జూన్‌కి అవసరమవుతాయి.